బుధవారం: మూడు ఎఫ్‌ఈటీ స్కాన్లు

ఎఫ్‌ఈటీ అంటే మెదడు కణితిని పెట్ స్కాన్‌లో చూడటానికి ఎక్కించే రేడియోధార్మిక మందు. పొద్దున్నే చేయాల్సింది దాని లెక్క. అందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు, అంటే అంతసేపటికి సగమైపోతుంది. ఇవాళ ఎనిమిదిన్నరకు, తొమ్మిదిన్నరకు, పదిన్నరకు ఒక్కొక్కరు. మనిషికి 200 మెగాబెకెరెల్ (రేడియోధార్మికత కొలత) చొప్పున ఎనిమిదింటికి 600 తెప్పిస్తే మొదటి ఇద్దరికే అయిపోతుంది. ఎనిమిదింటికి వయల్‌లో (మందు సీసాలో) 1,110 దాకా ఉండాలి. సిరంజిలో, వయల్ అడుగున మిగిలిపోయేది దానికి అదనం. మూడో మనిషి అరగంట ఆలస్యమైతే ఆ ఒక్కరికోసమే పొద్దున ఇంకో 107 ఉండి తీరాలి. అందుకే దూరం నుంచి వచ్చేవాళ్లను చివర్లో పెట్టకపోవడం మంచిది.

ఉపవాసం కనీసం నాలుగు గంటలు. చాలామంది ఇది షుగర్ కోసం అనుకుంటారు. గ్లూకోజు లాంటి స్కాన్ మందు ఎఫ్‌డీజీకైతే అది నిజమే, ఇక్కడ కారణం వేరు. ఎఫ్‌ఈటీ టైరోసిన్ లాంటి అమైనో ఆమ్లం. కణితి కణాల మీద ఎక్కువగా ఉండే ఎల్-రకం రవాణా ప్రోటీన్ల గుండా లోపలికి వెళ్తుంది. తిన్న ఆహారంలోని అమైనో ఆమ్లాలకూ అదే దారి, కాబట్టి పోటీ తప్పదు. మంచినీళ్లు తాగొచ్చు. మూర్ఛ మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. ఉపవాసం అన్నామని మాత్ర కూడా వేసుకోకుండా వచ్చేవాళ్లుంటారు. ఇది ఫోన్‌లోనే విడిగా చెప్పాలి. మూర్ఛ వచ్చిన కొత్తల్లో మెదడు మడతల వెంట ఎఫ్‌ఈటీ పట్టి, కణితేమో అనిపించేలా కనబడుతుంది.

ఎఫ్‌డీజీతో ఎందుకు సరిపోదంటే, మెదడులో ఆరోగ్యంగా ఉన్న బూడిదరంగు పదార్థమే గ్లూకోజును విపరీతంగా వాడుకుంటుంది. ఆ వెలుగులో కణితి కలిసిపోతుంది. ఎఫ్‌ఈటీలో చుట్టుపక్కల మెదడు మసకగా ఉంటుంది, కణితి పైకి తేలుతుంది.

ఇంజెక్షన్ స్కానర్ బల్ల మీదే ఇస్తాం. మందు ఎక్కిన క్షణం నుంచి 40 నిమిషాలు బొమ్మలు తీస్తూనే ఉండాలి. ముందే బాత్రూమ్‌కి పంపడం, తలకింద వాక్యూమ్ దిండు, నుదుటి మీద పట్టీ చిన్న పనులే గానీ స్కాన్ వాటిమీదే నిలుస్తుంది. ఎముక కిరణాలను ఎంత ఆపుతుందో సవరించడానికి ముందు సీటీ తీస్తాం. అది తీశాక తల కొంచెం పక్కకు తిరిగినా, ఎముక లేనిచోట ఎముక ఉన్నట్టు సవరణ జరుగుతుంది. ఒక పక్క కార్టెక్స్ (మెదడు పైపొర) ఊరికే మసకబారుతుంది, రెండో పక్క వెలుగుతుంది.

చదివేటప్పుడు 20 నుంచి 40 నిమిషాల మధ్య బొమ్మను తీసుకుని, కణితిలోని గరిష్ఠ విలువను ఎదుటి పక్క ఆరోగ్యకరమైన మెదడు సగటుతో భాగిస్తాం. 1.6 దాటితే అనుమానించాలి. ఎదుటి పక్క గీసే ప్రాంతం నెలవంక ఆకారంలో, బూడిదరంగు, తెల్ల పదార్థాలు రెండూ కలిసేలా ఉండాలి. ఉదాహరణకు కణితి 3.0, నేపథ్యం 1.2 అయితే నిష్పత్తి 2.5. నెలవంకను తెల్ల పదార్థంలోనే గీస్తే నేపథ్యం 0.9కి పడి, అదే కణితి 3.3 అవుతుంది. గీసే చెయ్యి మారితే పెరగని కణితి కూడా పెరిగినట్టే కనబడుతుంది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే.

మూడో కేసు రేడియేషన్ పూర్తయ్యాక ఎనిమిదో వారంలో ఉంది. 60 గ్రే (రేడియేషన్ మోతాదు), 30 విడతలు, టెమోజోలమైడ్ అనే కీమో మందుతో. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ పట్టే భాగం పెద్దదైంది. మొదటి 12 వారాల్లో ఇది చికిత్స వల్ల వచ్చిన వాపు కావచ్చు, కణితే తిరిగి రావచ్చు. రక్తనాళాల గోడ కారితే చాలు, ఎంఆర్ఐకి రెండూ ఒకేలా కనబడతాయి. ఇక్కడ సమయపు వక్రరేఖ, అంటే నిమిషాలు గడిచేకొద్దీ ఆ చోట ఎఫ్‌ఈటీ ఎంత పట్టిందో చూపే గీత, సాయపడుతుంది. మొదటి 20 నిమిషాల్లోపే శిఖరం తాకి కిందికి దిగితే కణితి వైపు మొగ్గు. నిష్పత్తి తక్కువుండి, రేఖ చివరిదాకా మెల్లగా ఎక్కుతుంటే చికిత్స మార్పు వైపు. వెలుగు ఒక్కటే చూసి తేల్చలేం: ఒలిగోడెండ్రోగ్లయోమా అనే మెదడు కణితి తక్కువ గ్రేడ్‌లోనూ (నెమ్మదిగా పెరిగే రకంలోనూ) బాగా వెలుగుతుంది. కొన్ని లో-గ్రేడ్ గ్లయోమాలు అసలు వెలగవు, కాబట్టి ఖాళీ బొమ్మ చూసి కణితి లేదని రాయకూడదు.

సాయంత్రం, రెండో కేసు బయాప్సీకి ఎంఆర్ఐతో కలిపిన బొమ్మ వెళ్లాలి. సూది దిగాల్సింది అత్యంత వెలిగే చోటికి, కాంట్రాస్ట్ పట్టని భాగమైనా సరే. పంపేముందు కళ్లు, జఠరికల (మెదడులోని ద్రవపు గదుల) అంచులు రెండు బొమ్మల్లో ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయా అని చూడాలి, కుడి ఎడమలు ఇంకోసారి సరిచూడాలి. రిపోర్టులో ఇంజెక్షన్ సమయం, సిరంజిలో మిగిలిన మోతాదు, నెలవంక గీసిన స్లైస్ రాసిపెడితే, తర్వాతి స్కాన్ చదివేవాళ్లు అదే స్లైస్‌లో గీస్తారు.