మోయగలిగినంత దూరమే మనది: కొలరాడోలో ఎల్క్ వేట, నా అనుభవం

వేటకి వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ అడిగేది తుపాకీ గురించే. ఏ రైఫిల్, ఎంత దూరం నుంచి కాల్చావు, భయం వేయలేదా అని. అమెరికాలోని కొలరాడోలో, ప్రభుత్వ అటవీ భూమిలో ఎల్క్ (జింక జాతికి చెందిన పెద్ద జంతువు) వేట చేసి వచ్చాక నాకు తెలిసిందేమిటంటే, తుపాకీతో పని రెండు సెకన్లు. మిగతాదంతా కాళ్లది, వీపుది, కత్తిది. ఎదిగిన మగ ఎల్క్ మూడు వందల కిలోల దాకా తూగుతుంది. ఎముకలు తీసేసినా ఎనభై, తొంభై కిలోల మాంసం మిగులుతుంది. పదివేల అడుగుల ఎత్తులో, బండి రాని చోటు నుంచి, చెడిపోకముందే దాన్ని మోసుకుని బయటికి రావాలి. ఆ పని చేయగలమన్న నమ్మకం లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

నన్ను తీసుకెళ్లింది మా ఆఫీసులో పాత స్నేహితుడు. ఖమ్మం వైపు వాడు, నాకంటే పెద్ద, అందుకే అన్నా అని పిలుస్తాను. డెన్వర్ దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. వాళ్లింట్లో ఫ్రీజర్ నిండా ఎల్క్ మాంసమే ఉంటుంది, కొన్న మాంసం అరుదు. చిన్నప్పటి నుంచి మాంసం తింటున్నాను, కానీ ఆ జంతువు ఎలా బతికింది, ఎలా చచ్చిపోయింది అన్నది ఎప్పుడూ చూడలేదు. చూడాలనిపించింది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట నిషేధమైంది కాబట్టి మనవాళ్లలో చాలామందికి వేట అంటే నేరం, లేదా పాతకాలపు రాజుల వినోదం. ఇక్కడ అది లైసెన్సుతో, లెక్కతో, లావుపాటి రూల్స్ పుస్తకంతో జరిగే పని.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మనవాళ్లకి మొదట వచ్చే టెన్షన్ అదే. హెచ్‌1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. అయినా వీసా మీద ఉన్నవాళ్లు లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దనే నా సలహా. చిన్న పొరపాటుకి మొత్తం ఇమ్మిగ్రేషన్ కేసే దెబ్బ తినొచ్చు. నేను గ్రీన్ కార్డ్ వచ్చాకే మొదలుపెట్టాను. 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరైనా కొలరాడోలో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. మా క్లాసులో పన్నెండేళ్ల పిల్లలు, వాళ్ల తాతలు పక్కపక్కనే కూర్చున్నారు. తుపాకీ గొట్టం ఎటు తిరిగి ఉందో ప్రతి క్షణం తెలిసి ఉండాలన్నది ఆ కోర్సులో అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పారు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

రాష్ట్రంలో ఆరు నెలలు వరసగా ఉంటే స్థానికుడి కింద లెక్క. అప్పుడు ఎల్క్ లైసెన్స్ వంద డాలర్ల లోపే వస్తుంది, బయటి రాష్ట్రాల వాళ్లు దానికి ఎన్నో రెట్లు కట్టాలి. కొన్ని ప్రాంతాల్లో రెండో, మూడో రైఫిల్ సీజన్లకి మగ ఎల్క్ ట్యాగ్ (ఒక జంతువుని వేటాడేందుకు ఇచ్చే అనుమతి చీటీ) లాటరీ లేకుండా నేరుగా కొనుక్కోవచ్చు. మేము కొన్నది అదే. 1900ల మొదట్లో కొలరాడోలో ఎల్క్ వెయ్యి లోపుకి పడిపోతే, వ్యోమింగ్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు 2,80,000 పైనే ఉన్నాయి, ప్రపంచంలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. వాటి సంరక్షణకి డబ్బు చాలావరకు లైసెన్సుల నుంచి, 1937 చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. నేను కట్టిన డబ్బు ఎటు పోతుందో తెలిశాక ఆ లైసెన్స్ కాగితం మీద నాకు గౌరవం పెరిగింది.

మేము వెళ్లింది వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లోని ఫ్లాట్ టాప్స్ ప్రాంతానికి. రాష్ట్రంలోకెల్లా పెద్ద ఎల్క్ మంద ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. 1891లోనే అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఆ పీఠభూమిని అటవీ రిజర్వుగా ప్రకటించాడు. 1919లో అక్కడి ట్రాపర్స్ లేక్ చుట్టూ వేసవి ఇళ్ల కోసం సర్వే చేయమని అటవీ శాఖ ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఉద్యోగిని పంపితే, ఆయన ఇళ్లు కట్టొద్దని, ఆ చోటుని అలాగే వదిలేయమని చెప్పాడు. ఆ మాట నిలిచింది. ఇవాళ ఫ్లాట్ టాప్స్ విల్డర్‌నెస్ (చట్టం ప్రకారం సహజంగానే వదిలేసిన అడవి) 2,35,000 ఎకరాలు. మోటార్ బండి కాదు కదా, చక్రం ఉన్న తోపుడు బండి కూడా లోపలికి తీసుకెళ్లకూడదు. గుర్రం ఉన్నవాళ్లు గుర్రం మీద తెచ్చుకుంటారు, లేనివాళ్లకి వీపే. నాకు ఈ దేశంలో ఓటు లేదు. అయినా ఆ ఎకరాల్లో ఎక్కడికైనా వెళ్లే హక్కు ఏ పెద్ద రాంచ్ (పశువుల్ని పెంచే భూమి) యజమానికి ఉందో నాకూ అంతే ఉంది. ఆ సంగతి నాకు చాలా పెద్దది.

వేసవి అంతా ప్రాక్టీస్. రేంజ్‌లో 308 రైఫిల్‌తో కూర్చుని, మోకాలి మీద, బ్యాగ్ మీద ఆనించి కాల్చడం నేర్చుకున్నాను. ఇంట్లో పిల్లలు తింటారు కాబట్టి సీసం లేని రాగి బుల్లెట్లే వాడాం. దానికంటే ముఖ్యంగా బ్యాక్‌ప్యాక్‌లో సోనా మసూరి బస్తా పెట్టుకుని కొండలెక్కాను. మొదట ఒకటి, తర్వాత రెండు. ఇప్పుడు ఎవరైనా అడిగితే షూటింగ్ రేంజ్‌కి ఒక రోజు వెళ్తే, బస్తాతో కొండకి రెండు రోజులు వెళ్లమంటాను.

అక్టోబరు చివర్లో రెండో రైఫిల్ సీజన్. విల్డర్‌నెస్ హద్దుకి బయట, కాలిబాట మొదట్లో టెంట్ వేశాం. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా మాత్రమే కాల్చొచ్చు. నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ గులాబీ గానీ వేసుకోవాలి, టోపీ కూడా అదే రంగు. ఎల్క్‌కి ఆ రంగు మనకి కనిపించినట్టు కనిపించదు, సాటి వేటగాళ్లకి మాత్రం కొండ అవతలి నుంచే తెలుస్తుంది.

మొదటి రోజులన్నీ చూడటంతోనే సరిపోయాయి. తెల్లవారకముందే గట్టెక్కి కూర్చుని బైనాక్యులర్స్‌తో గడ్డి బయళ్లు వెతకడం. ఎల్క్ రాత్రంతా మేసి, వెలుగు రాగానే స్ప్రూస్ చెట్ల చీకట్లోకి వెళ్లి పడుకుంటాయి. పొద్దున చల్లగా ఉన్నంతసేపు గాలి లోయలోకి దిగుతుంది, ఎండ తగలగానే పైకి తిరుగుతుంది. ఆ తిరిగే సమయంలో మనం వాటికి పైన ఉన్నామా, కింద ఉన్నామా అన్నదే అంతా. మా వాసన ఒక్కసారి తగిలితే మంద మొత్తం ఇంకో లోయలోకి పోయింది. ఒక ఉదయం అద్భుతమైన మంద కనిపించింది, కానీ ఫోన్‌లో మ్యాప్ చూస్తే అది ప్రైవేటు రాంచ్. కొలరాడోలో ప్రైవేటు భూమికి బోర్డు పెట్టి ఉండాల్సిన పని లేదు, హద్దు తెలుసుకోవడం మన బాధ్యతే. చూసి వదిలేశాం.

ఒక సాయంత్రం మంచి మగ ఎల్క్ దొరికినట్టే అయింది. మాకు బాగా కింద, లోయ అడుగున, ఒంటరిగా మేస్తోంది. 2002లో కాలిపోయిన అడవి అది. నల్లటి మానులు అడ్డదిడ్డంగా పడి ఉంటే వాటి మీంచి దాటుకుంటూ పోవాలి. ఇంకా నిలబడి ఉన్నవి గాలికి ఎప్పుడు పడతాయో తెలియదు. నేను రైఫిల్ ఆనించాను. అన్న బైనాక్యులర్స్ దించకుండానే అన్నాడు: "కాల్చగలవు, దాంట్లో డౌట్ లేదు. అక్కడ పడితే రాత్రంతా కోస్తం, రేపు, ఎల్లుండి మోస్తం. ఈ ఎండకి అప్పటిదాకా మాంసం ఆగదు. వదిలెయ్ తమ్ముడూ." వదిలేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఆ మాటతో నాకు వేట అంటే ఏమిటో అర్థమైంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం కొలరాడోలో నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, అంత పెద్ద జీవిని చంపి కుళ్లబెట్టడం కంటే పాపం ఇంకోటి లేదని నా నమ్మకం.

తర్వాత వచ్చిన అవకాశం కాలిబాటకి దగ్గరలో, వాలు పైభాగాన. ఆస్పెన్ చెట్ల నుంచి మూడు ఆడ ఎల్క్, వాటి వెనక మగది. మా ప్రాంతంలో ఒక కొమ్ముకి కనీసం నాలుగు కొనలుండాలి, లేదా నుదుటి దగ్గరి కొన ఐదు అంగుళాలైనా ఉండాలి. అన్న లెక్కపెట్టి "అయిదు" అనేదాకా రైఫిల్ సేఫ్టీ లాక్ తీయలేదు. నూట ఎనభై గజాలు. ముందు కాలి వెనక, ఛాతీలోకి. అది కొద్ది దూరం పరుగెత్తి చెట్లలోకి వెళ్లింది. వెంటనే వెనక పడకూడదు, తరిమితే చావు ఆలస్యమవుతుంది, దూరం పెరుగుతుంది. అరగంట కూర్చున్నాం. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. రక్తపు జాడ పట్టుకుని వెళ్తే అరవై, డెబ్బై అడుగుల్లోనే పడి ఉంది. మెడ మీద చెయ్యి వేసి దండం పెట్టుకున్నాను. సంతోషం, బాధ రెండూ ఒకేసారి వచ్చాయి, ఒకటి ఇంకోదాన్ని తగ్గించలేదు.

తర్వాత పని. ముందు ట్యాగ్ మీద తేదీ వేసి సంతకం. పొట్ట కోయకుండానే ఒక పక్క తోలు ఒలిచి, వెనక తొడ, ముందు జబ్బ, వెన్ను పొడవునా ఉండే కండ, మెడ మాంసం తీశాం. ఇద్దరం పట్టి తిప్పి రెండో పక్క. చివర్లో పక్కటెముకల వెనక చిన్నగా కోసి లోపలి మెత్తని కండలు, కార్జం. మగదని రుజువు కోసం వృషణం ఒక తొడకి అంటుకునే ఉండాలి, అది రూల్. కత్తులు రెండు మొద్దుబారాయి, పదును పెట్టే రాయి లేకపోతే అక్కడే ఆగిపోయేవాళ్లం. ఒక్కో ముక్కని నూలు సంచిలో వేసి, పేగులకి వంద గజాల దూరంలో, ఎలుగుబంట్లకి అందకుండా, నీడలో కొమ్మలకి వేలాడదీశాం. చల్లగాలి తగిలితే మాంసం మీద పొర కడుతుంది, ఆ పొరే దాన్ని కాపాడుతుంది. ప్లాస్టిక్ సంచిలో వేస్తే వేడి లోపలే ఉండిపోయి పాడవుతుంది.

ఎముకతో ఒక్కో వెనక తొడ ఇరవై ఐదు, ముప్పై కిలోలు. బ్యాగ్ నడుము బెల్టు బరువంతా తుంటి మీదికి తెచ్చినా, దిగేటప్పుడు మోకాళ్లకి తెలుస్తుంది. చేతికర్రలు లేకుండా ఆ వాలు దిగడం సాధ్యం కాదు. ఒకరు కదిలితే ఇంకొకరు వెనకే ఉండాలన్నది అన్న పెట్టిన నియమం. చీకటి పడ్డాక తలకి కట్టుకున్న లైట్ వెలుతురులో, దూరం నుంచే ఎలుగుకి వినిపించేలా గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాం. మాట్లాడటానికి ఊపిరి లేనప్పుడు అన్న పాత పాటలు మొదలుపెట్టేవాడు. మర్నాడు మధ్యాహ్నానికి చివరి సంచి కూలర్‌లోకి చేరింది.

కొమ్ములు కోసి తలని పరీక్షకి ఇచ్చాం. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు 1967లో ఇదే రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో, జింకల్లో మొదట కనిపించింది. దాని కారకం వండినా చావదు. మనుషులకి సోకినట్టు రుజువు లేదు, కానీ జబ్బున్న మాంసం తినొద్దని ఆరోగ్య శాఖ చెప్తుంది. ఫలితం వచ్చేదాకా ఒక్క ముక్క ముట్టుకోలేదు. నెగెటివ్ అని వచ్చాకే ఫ్రీజర్ తెరిచాం.

కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి ఎల్క్ మాంసాన్ని మటన్‌లా ఉడికిస్తే పీచుగా అవుతుంది. వెన్ను కండని పెనం మీద మిరియాలతో త్వరగా వేపి దించేయాలి. కాళ్ల మాంసం ఎముకతో సన్న మంట మీద గంటల తరబడి. తొడ ముక్కలతో మా అమ్మ ఫోన్‌లో చెప్తుంటే గోంగూర మాంసం చేశాం, చాలా బాగా కుదిరింది. వేట మాంసం అమ్మకూడదు, పంచొచ్చు. వీధిలో తెలుగువాళ్లలో తినేవాళ్లందరికీ పంచాం.

ఎల్క్ వేటకి వెళ్లే ఐదుగురిలో ఒకరికి దొరికితే ఎక్కువ అంటారు, కాబట్టి వచ్చే ఏడాది ఖాళీ చేతులతో తిరిగి రావచ్చు. ఈసారి ఆడ ఎల్క్ ట్యాగ్ కోసం ఏప్రిల్ మొదట్లో లాటరీకి దరఖాస్తు పెడుతున్నాం. ఆడది కాస్త చిన్నది, మాంసం ఇంకా మెత్తన. అన్నకి మోకాలి నొప్పి మొదలైంది కాబట్టి బరువైన సంచులు నేను మోయాలని ఒప్పందం.