చివరి కుట్టు తర్వాత మిగిలే పని

కానుకలుగా ఇవ్వాలని మొదలుపెట్టిన అల్లికలు ఒక్కొక్కటిగా కొలిక్కి వస్తున్నాయి: అక్కకు శాలువా, తమ్ముడి బిడ్డకు స్వెటరు, నాన్నగారికి మేజోళ్లు, ఒక స్నేహితురాలికి టోపీ. సూది మీద నుంచి చివరి కుట్టు దిగగానే పని అయిపోయిందని చూసేవారు అనుకుంటారు గానీ, అల్లిన ముక్క వేరొకరు నిశ్చింతగా వేసుకోగలిగే వస్త్రంగా మారేది ఆ తర్వాత చేసే పనితోనే. సంచుల్లో నెలల తరబడి మూలుగుతున్న అల్లికలను బయటికి తీసి చూస్తే, వాటిలో చాలావరకు అల్లకం పూర్తయి, కొసలు దాచడమో, భాగాలు కలిపి కుట్టడమో, గుండీలు పెట్టడమో మిగిలిపోయినవే కనిపిస్తాయి. తీరిక లేకపోవడం కన్నా, ఆ పనిని అల్లికలో భాగంగా లెక్కపెట్టకపోవడమే ఇందుకు అసలు కారణమని నా అభిప్రాయం.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది కొసలు దాచడం. రంగు మారిన ప్రతిచోటా రెండు కొసలు వేలాడతాయి కనుక, చారల స్వెటరును తిరగేసి చూస్తే గుండె జారిపోతుంది. ప్రతి కొసనూ కనీసం 15 సెంటీమీటర్లు వదిలి కత్తిరించుకుంటే, మొండి మొన ఉన్న లావు సూదిలోకి ఎక్కించి, వెనకవైపు కుట్ల వెంట కొంత దూరం నడిపి, దిశ మార్చి మళ్లీ కొంత వెనక్కి తేవచ్చు. ఒకే దిశలో లాగి వదిలేస్తే, ముఖ్యంగా నున్నటి నూలయితే, నాలుగు ఉతుకులకే జారి బయటపడుతుంది. అలా దాచిన తర్వాత బట్టను అన్నివైపులా ఒకసారి సాగదీసి, మిగిలిన పోగును ఉతికి ఆరిన తర్వాతే కత్తిరించడం మేలు. రంగు మారిన వెంటనే ఆ కొసను దాచేస్తూ పోవాలన్న సలహా మంచిదే, పాటించేవారే అరుదు.

భాగాలను కలిపేటప్పుడు మంచివైపు పైకి ఉండేలా రెండు అంచులను పక్కపక్కన పరిచి, అంచు కుట్టుకూ దాని పక్క కుట్టుకూ మధ్య నిచ్చెన మెట్టులా అడ్డంగా కనిపించే పోగును ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి సూదితో ఎత్తుతూ పోవాలి. కొంత దూరం వెళ్లాక దారాన్ని మెల్లగా లాగితే రెండు అంచులూ దగ్గరకు వచ్చి, అతుకు కంటికి కనిపించకుండా పోతుంది. అల్లిక మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన ఘడియ ఇదే.

ఆ తర్వాత తడపడం. ఊలు అల్లికను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, కొలతలకు సరిపోయేలా పరిచి ఆరబెడితే ఎగుడుదిగుడు కుట్లు సర్దుకుంటాయి. ముద్దలా ఉన్న జాలీ శాలువా గుండుసూదుల మధ్య విచ్చుకొని, నమూనా అప్పుడు గానీ బయటపడదు. అక్రిలిక్ నూలుకు మాత్రం ఇస్త్రీపెట్టె తగిలిందంటే కుట్లు చచ్చుపడి, మళ్లీ ఎప్పటికీ లేవవు.

పుచ్చుకునేవారి ఉతికే అలవాటును బట్టే నూలు ఎంచుకోవాలి. మామూలు ఊలుకు వేడి, రాపిడి రెండూ కలిస్తే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకొని, బట్ట కుంచించుకుపోయి మందంగా గట్టిపడుతుంది. దాన్ని వెనక్కి తేలేము. పసిబిడ్డ ఉన్న ఇంట్లో చేతితో ఉతికే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే ఆ స్వెటరుకు యంత్రంలో ఉతకదగిన నూలు ఎంచుకున్నాను. గుండీలను పీకి చూసినా రానంత గట్టిగా కుట్టాను. వేలు ఇరుక్కునే జాలీ నమూనాల జోలికి పోలేదు.

ప్రతి కానుకతో పాటు ఒక చిన్న కాగితం పెడుతున్నాను. అందులో నూలు రకం, ఉతికే పద్ధతి, తగిలించకుండా మడిచి పెట్టుకోవాలన్న మాట రాసి, అదే నూలు కొంచెం, ఒక గుండీ జత చేస్తున్నాను. అదే రంగు మళ్లీ కొన్నా, అద్దకం విడత మారితే ఛాయ తేడా వస్తుంది. మోచేయి దగ్గర చిరుగు పడినప్పుడు ఈ మిగులు నూలే అక్కరకు వస్తుంది.