మూడడుగులు, ఎవరి పాదంతో?

పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు బలి చక్రవర్తితో అన్న కంద పద్యం ఇది.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైన బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుడు
సప్తద్వీపముల నయిన జక్కంబడునే?

లేనిదాని కోసం అర్రులు చాచకుండా, రాలేదని కుమిలిపోకుండా, దొరికింది రవ్వంతైనా ఇదే పదివేలు అనుకోలేని మనిషి, ఏడు ద్వీపాలూ రాసిచ్చినా బాగుపడతాడా అని అడుగుతున్నాడు. పద్యాన్ని విడిగా తీసి గోడకు తగిలిస్తే సర్దుకుపొమ్మని పెద్దలు చెప్పే సుద్దిలా ఉంటుంది. కథలో ఎక్కడ, ఎవరితో అన్నాడో చూస్తే మాట పదును తెలుస్తుంది.

నర్మదా నది ఉత్తరపు గట్టున, భృగుకచ్ఛంలో బలి అశ్వమేధం చేస్తున్నాడు. మూడు లోకాలూ అప్పటికే ఆయన చేతిలో ఉన్నాయి. గొడుగు, దండం, కమండలం పట్టుకుని ఓ పొట్టి వడుగు యాగశాలలోకి వచ్చాడు. బలి ఆ పిల్లవాడి కాళ్లు కడిగి, ఆ నీళ్లు తలమీద చల్లుకుని, ఏం కావాలో అడగమన్నాడు. అడగమని ఊరుకున్నాడా, జాబితా చదివాడు. ‘వరచేలంబులొ మాడలో ఫలములో’ అని మొదలుపెట్టి ఆవులు, గుర్రాలు, రత్నాలు, రథాలు, మృష్టాన్నాలు, కన్యలు, ఏనుగులు, బంగారం, ఇళ్లు, ఊళ్లు, పొలాలు అంటూ ఊపిరి తిప్పుకోకుండా సాగే మత్తేభం అది. చదివినప్పుడల్లా నాకు దసరా ముందు ఫోన్లో తెరుచుకునే సేల్ పేజీ గుర్తొస్తుంది. కాకపోతే బలి ఊరికే ఇస్తానన్నాడు, పాపం.

వడుగు అడిగింది మూడడుగుల నేల. సంస్కృత మూలంలో వ్యాసుడు ఇక్కడ ‘పదా మమ’ అని ఒక మాట వేశాడు. నా పాదంతో కొలిచి మూడడుగులు. బలికి నవ్వొచ్చింది. మాటలు పెద్దవాళ్లవి, బుద్ధి చిన్నపిల్లాడిది అన్నాడు. నా దగ్గర చెయ్యి చాచినవాడు మళ్లీ ఇంకొకరి గుమ్మం ఎక్కకూడదు, బతకడానికి సరిపడా అడుగు అన్నాడు. అప్పుడు వచ్చింది వామనుడి జవాబు. మూడడుగులతో తృప్తిపడనివాడికి ద్వీపం ఇచ్చినా చాలదు, ఏడూ కావాలంటాడు. పృథువు, గయుడు లాంటి చక్రవర్తులు సముద్రాల దాకా భూమినంతా ఏలారు, వాళ్లు మాత్రం ఆశకు అంతు చూశారా అని అడిగాడు.

నా దృష్టిలో పద్యానికి గుండెకాయ ఆ పాదం. నాకు ఎంత కావాలో నా కాలితో కొలుచుకుంటే లెక్క ఎక్కడో ఒకచోట తేలుతుంది. మనం ఎవరి కాలితో కొలుస్తున్నాం? రెండు గదుల ఇల్లు కొన్నవాడు గృహప్రవేశం నాడు పాలు పొంగించి కంట తడి పెట్టుకుంటాడు. ఆరు నెలలకు తోడల్లుడు మూడు గదులది, అదీ గేటెడ్ కమ్యూనిటీలో కొన్నాడని తెలుస్తుంది. ఇల్లు అంగుళం కూడా తగ్గలేదు, కానీ ఆ రాత్రి నుంచి హాలు ఇరుకైపోతుంది. వగపంటే ఇదే.

సప్తద్వీపాలు ఇస్తే ఏమవుతుందో చూసినవాళ్లూ ఉన్నారు. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఇల్లినాయి రాష్ట్ర లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని కలిశారు. లాటరీ తగలని మామూలు మనుషులకంటే వాళ్లేమీ చెప్పుకోదగ్గంత సంతోషంగా లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి టిఫిన్, ఎవరో చెప్పిన జోక్ వంటి చిన్న సంగతుల్లో మిగతావాళ్లకు దొరికే ఆనందం వీళ్లకు తక్కువగా దొరుకుతోందని తేలింది. చిన్న అధ్యయనమే, దాంతో లోకమంతా తేలిపోదు. అయినా పద్యంలోని లేశం సంగతే కదా ఇది! పెద్దది వచ్చి పడితే ముందు చప్పబడేది ఆ లేశమే.

మనవాళ్లు కోరికను తిట్టి ఊరుకోలేదు, దానికి ఆగే చోటు కూడా కట్టారు. ఔపోసన చూడండి. విస్తరి ముందు కూర్చుని, చుట్టూ నీళ్లు తిప్పి పరిషేచనం చేసి, ‘అమృతోపస్తరణమసి’ అని అరచేతిలో నీళ్లు పుచ్చుకుని భోజనం మొదలుపెడతారు. చివర మజ్జిగన్నం అయ్యాక ‘అమృతాపిధానమసి’ అని మళ్లీ నీళ్లు. తిన్నదానికి పైన మూతగా ఉండమని నీటిని అడగడం అది. ఈ చివరి నీళ్లే ఉత్తరాపోశనం. అది పట్టాక ఆ పూటకు ఇక మెతుకు ముట్టరు. మా తాతగారు అలా పట్టేశాక మామ్మ బొబ్బట్టు పట్టుకొచ్చి ‘నేతిలో కాల్చానండీ, ఒక్కటే’ అనేది. ఆయన నవ్వేవారు, అరచెయ్యి చూపించేవారు, లేచేవారు. బొబ్బట్టంటే ఇష్టం లేక కాదు. మూత పెట్టేశారు, అంతే.

ఆ మూత తీసి అవతల పారేసినదే ఇవాళ్టి ఫోను. ఒకప్పుడు వెబ్‌లో పేజీ అయిపోయేది, తర్వాతి పేజీ కావాలంటే నొక్కాల్సి వచ్చేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్, పేజీకి చివర అనేదే రాకుండా కిందికి జారుతూ పోయే పద్ధతి తయారుచేశారు. తర్వాత ఆయనే దాని గురించి బాహాటంగా బాధపడ్డారు. రీల్సు చూస్తూ చూస్తూ ఎక్కడ ఆపాలో తెలియక రాత్రి ఒంటిగంట చేసుకునే కుర్రాడిని క్రమశిక్షణ లేదని తిడతాం. వాడు కూర్చున్నది ఉత్తరాపోశనం లేని పంక్తిలో. వడ్డించేవాడు ఆపడు, విస్తరి ఎత్తడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పద్యాన్ని జీతం పెంచమని అడిగే పనిమనిషికి, కూలి గిట్టడం లేదనే వాడికి వినిపించేవాళ్లు ఉన్నారు. అది పద్యాన్ని తలకిందులు చేయడం. వామనుడు ఈ మాట అన్నది ఆకలితో ఉన్నవాడితో కాదు, మూడు లోకాలున్నవాడితో. అదీ తన కోరిక గురించి. ఎదుటివాడి మూడడుగులు మనం కొలవకూడదు.

‘అన్నీ చెప్పి చివరికి బ్రహ్మాండమంతా పుచ్చుకున్నది ఆయనేగా’ అని మా ఇంట్లోనే ఒకరు ఎప్పుడూ దెప్పుతారు. నిజమే, రెండడుగుల్లో భూమి, ఆకాశం అయిపోయాయి, మూడోదానికి చోటు లేదు. కానీ అందులో ఒక్క సెంటు కూడా ఆయన ఉంచుకోలేదు, ఇంద్రుడికి ఇచ్చేశాడు. శుక్రాచార్యుడు వద్దన్నా వినని బలి, ఉన్నదంతా పోయాక మూడో అడుగుకు తల వంచాడు. సుతలానికి వెళ్లాడు, అక్కడ విష్ణువు ఆయన వాకిట కావలి ఉన్నాడు. తన పాదంతో కొలుచుకోవడం ఆ ఇద్దరికీ తెలుసు. స్వర్గం తిరిగి దక్కిన ఇంద్రుడు మాత్రం, ఆ తర్వాత ఏ పురాణం తిప్పినా, ఎక్కడో ఒక ముని కళ్లు మూసుకుని కూర్చున్నాడని వినగానే ఉలిక్కిపడి రంభనో మేనకనో పిలుస్తూనే కనిపిస్తాడు.