కార్డు ఫారంలో కర్సర్ నిలబడటానికి మూడు రోజులు: నా అనుభవం

నిన్న రాత్రే పూర్తయింది. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మా అప్లికేషన్‌లో కార్డు వివరాలు అడిగే చోట్లు మూడున్నాయి: మొదటి చెల్లింపు, చందా రెన్యువల్, కార్డు మార్చుకోవడం. మూడింటికీ మూడు రకాల కోడ్. వాటి బదులు అన్నిచోట్లా పనికొచ్చే ఒకే రియాక్ట్ కాంపొనెంట్ (వెబ్ పేజీలో ఎక్కడైనా వాడుకోగల ముక్క) రాయమని నాకు అప్పగించారు. "నాలుగు బాక్సులే కదా, సాయంత్రానికి అయిపోతుంది" అన్నారు మా టీమ్ లీడ్. ఎన్నడూ ఫారం రాయని వాళ్లే ఇలాంటి అంచనాలు వేస్తారు.

నంబరు సరిచూసే పని త్వరగానే అయింది. కార్డు నంబరులో అంకె తప్పుపడితే పట్టే లూన్ పద్ధతికి పది లైన్ల కోడ్ చాలు. మాస్టర్‌కార్డ్ అంటే 51 నుంచి 55తో మొదలయ్యేవే అనుకోకండి, 2221 నుంచి 2720 వరకూ కూడా వాళ్లవే. మా పాత కోడ్ వాటిని చెల్లవని తిప్పి పంపేది. అమెక్స్‌కి (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) 15 అంకెలు, 4-6-5గా విడగొట్టాలి, సెక్యూరిటీ కోడ్ (సీవీవీ) నాలుగంకెలు.

అసలు కష్టం ఖాళీల దగ్గర వచ్చింది. నాలుగంకెలకోసారి ఖాళీ పడేలా చేశాను, చూడటానికి బాగుంది. డెమోలో క్లయింట్ తరఫున వచ్చినావిడ 16 అంకెలూ కొట్టి, ఆరో అంకె తప్పని చూసుకుని వెనక్కి వెళ్లి చెరిపారు. కర్సర్ ఎగిరి చివరికి పోయింది. సరైన అంకె కొడితే అది చివర్లో చేరింది. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అంతే. "ఇది మీరొకసారైనా వాడి చూశారా?" అని అడిగారు. పదకొండు మంది ఉన్న కాల్ అది. నేను ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండానే కొట్టి చూశాను. ఆ మాట నోటికి రాలేదు. లీడ్ ఒక్క మాట సాయం రాలేదు.

కారణం ఇదీ. అంకె చెరిపితే గుంపులు మారతాయి, కోడ్ కొత్త విలువను బాక్సులో పెడుతుంది, అలా పెట్టినప్పుడు బ్రౌజర్ కర్సర్‌ని చివరికి తోసేస్తుంది. పాత స్థానాన్ని గుర్తుపెట్టుకుని తిరిగి పెట్టాను. ఖాళీ దగ్గర ఒక అడుగు తప్పింది. టైమర్ పెట్టాను. వేగంగా కొడితే అంకెలు తారుమారయ్యాయి. రెండు రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

చివరికి స్థానాన్ని కాదు, కర్సర్‌కి ఎడమవైపు ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టాలని తట్టింది. ఖాళీలు కలిపాక అన్నే అంకెల తర్వాత కర్సర్ పెట్టాలి, అదీ స్క్రీన్ మీద గీయకముందే, అందుకోసం రియాక్ట్‌లో ఉన్న యూజ్‌లేఅవుట్‌ఎఫెక్ట్‌లో. ఇంకో చిక్కు: ఖాళీ మీద బ్యాక్‌స్పేస్ కొడితే ఆ ఖాళీ మళ్లీ వచ్చేస్తుంది, మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు. అప్పుడు దాని ముందున్న అంకెను చెరపాలి.

బాక్సు పొడవును 16కి బిగించకండి. ఖాళీలతో కాపీ చేసిన నంబరు 19 అక్షరాలు, చివరి మూడూ తెగిపోతాయి. నంబర్ టైపు బాక్సు అసలే వద్దు, విలువను సంఖ్యగా తీసుకుంటే సెక్యూరిటీ కోడ్ 012లో మొదటి సున్నా పోతుంది. టెక్స్ట్ బాక్సుకే ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ పెడితే ఫోన్లో అంకెల కీబోర్డే వస్తుంది.

ఇక పాత కోడ్‌లో నాకు దొరికిన ఒక లైన్ గురించి చెప్పి తీరాలి. ఎర్రర్ వస్తే ఫారంలో ఉన్నదంతా, సెక్యూరిటీ కోడ్‌తో సహా, ఎర్రర్లు రాసిపెట్టే లాగ్‌లోకి పంపేస్తోంది. లావాదేవీకి అనుమతి వచ్చాక ఆ కోడ్‌ని దాచకూడదని కార్డుల భద్రతకు సంబంధించిన పీసీఐ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నమ్మి కార్డు ఇచ్చిన మనిషికి చేసే ద్రోహం అది. రాసినవారు ఇప్పుడు మా టీమ్‌లో లేరు, ఉంటే మాత్రం అడిగేవాణ్ని. మా కాంపొనెంట్ కార్డు వివరాలను మా సర్వర్‌కి పంపదు. బ్రౌజర్ నుంచి నేరుగా గేట్‌వేకి (చెల్లింపు నడిపే సంస్థకి) పంపి, కార్డు నంబరు బదులు వాడే టోకెన్ తెచ్చుకుంటుంది. మీకు వీలుంటే గేట్‌వే వాళ్ల ఐఫ్రేమ్ బాక్సులే (మన పేజీలో కనిపించే వాళ్ల సొంత బాక్సులే) వాడండి, ఈ కర్సర్ బాధే ఉండదు. మా డిజైన్ వాళ్లు ఒప్పుకోలేదు.

నిన్న అదే ఆవిడ మళ్లీ కాల్‌లోకి వచ్చారు. 16 అంకెలూ కొట్టి, ఆరో అంకె చెరిపి, కొత్తది కొట్టారు. కర్సర్ అక్కడే ఉంది. "సరే, తర్వాతిది చూద్దాం" అన్నారు.