ఉన్న డోర్ నంబరు లేదంది, జవాబు పాత మెయిళ్లలో దొరికింది

2023 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్నే బిల్లింగ్‌లో కూర్చునే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, 2-25 కొడితే అసలు లేదంటోంది, ఆయనేమో పోయిన నెల రసీదు పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు" అంది. కాకినాడ చుట్టుపక్కల ఊళ్లకి నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆఫీసు మాది. నాలుగు వేల పైచిలుకు ఇళ్లు, వాటి వివరాలన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, చూసుకునేది నేనొక్కడినే.

టేబుల్ మొత్తం తెరిచి చూస్తే ఆయన పేరు, ఊరు, 2-25 అన్నీ కనబడుతున్నాయి. డోర్ నంబరు ఇచ్చి వెతికితే మాత్రం సున్నా. ఇంకా కంగారు పెట్టిన విషయం ఏంటంటే, శనివారం ఇలాగే దొరకని నలుగురిని అక్క కొత్తగా ఎంటర్ చేసింది, సిస్టమ్ తీసేసుకుంది. ఒకే ఊళ్లో ఒకే డోర్ నంబరు రెండోసారి పడకూడదని యూనిక్ పెట్టింది నేనే, అయినా పడింది. ఆ వారం మార్చింది ఒక్కటే, సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఉబుంటు 18.04 నుంచి 20.04కి తెచ్చాం. డేటాబేస్‌ని ముట్టుకోలేదు, దాని వెర్షన్ కూడా పాతదే, అందుకని అనుమానం అటు పోలేదు.

మామూలుగా నెట్‌లో వెతికితే వచ్చేవన్నీ నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పాఠాలు. పోస్ట్‌గ్రెస్ తయారుచేసేవాళ్లు, వాడేవాళ్లు 1990ల చివరి నుంచి మెయిలింగ్ లిస్టుల్లోనే, అంటే ఒకరు రాస్తే చేరినవాళ్లందరికీ వెళ్లే మెయిళ్లలోనే, మాట్లాడుకుంటున్నారు, ఆ మెయిళ్లన్నీ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాడేవాళ్ల ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది జనరల్ లిస్టుకి, అందుకని అక్కడ మొదలుపెట్టాను. నా మాటల్లోనే అడిగాను, టేబుల్లో ఎంట్రీ ఉంది కానీ వెతికితే రావట్లేదు అని. వందల మెయిళ్లు వచ్చాయి. నంబరు చివర ఖాళీ ఉందేమో చూడమని ఒకరు, ఎన్‌కోడింగ్ తేడా అని ఒకరు, క్యాపిటల్ అక్షరాలని ఇంకొకరు. ఒక్కోటీ పరీక్షించాను. 2-25కి పొడవు చూస్తే సరిగ్గా 4 వచ్చింది, కనబడని ఖాళీ ఏమీ లేదు. మధ్యాహ్నం అయిపోయింది, అక్క రెండుసార్లు ఫోన్ చేసింది, టెన్షన్‌గానే ఉంది.

దారి చూపింది జవాబు కాదు, ఒక ఎదురు ప్రశ్న. నాలాంటి సమస్యే రాసిన ఒకాయనకి ఎవరో రెండే లైన్లు రాశారు, ఇండెక్స్ వాడకుండా చేసి అదే క్వెరీ నడిపి చూడు, అప్పుడు వస్తోందా అని. ఇండెక్స్ అంటే టేబుల్ మొత్తం తిరగేయకుండా వెతకడానికి డేటాబేస్ వరసలో పెట్టుకునే పట్టిక, క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న. ఆయన మళ్లీ ఏమీ రాయలేదు, ఆ చర్చ అక్కడే ఆగిపోయింది. నేను మాత్రం నా సెషన్‌లో ఇండెక్స్‌ని వాడే రెండు పద్ధతులు, ఇండెక్స్ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ ఆపేసి క్వెరీ కొట్టాను. 2-25 వచ్చేసింది! జవాబు లేని చర్చని పక్కన పెట్టేసి ఉంటే ఇంకో రోజు పోయేది.

అప్పటిదాకా నేను వెతికింది కౌంటర్ దగ్గర కనబడే లక్షణాన్ని. జవాబు చెప్పేవాళ్లు లక్షణం పేరు రాయరు, కారణం పేరు రాస్తారు, ఆ మాట ఇప్పుడు దొరికింది, ఇండెక్స్ కరప్షన్, అంటే ఇండెక్స్ పాడవడం. దాంతో వెతికితే మొదట డిస్కులు పాడవడం, కరెంటు పోవడం గురించే వచ్చాయి. అప్‌గ్రేడ్ అనే మాట కలిపి, ఫలితాలని తేదీ వరసలో పెట్టి, 2018 తర్వాతవే చదువుతూ పోతే దాదాపు ప్రతి చర్చలోనూ రెండు మాటలు పదేపదే కనబడ్డాయి, కొలేషన్, గ్లిబ్‌సీ 2.28.

విషయం ఇది. అక్షరాల్లో ఏది ముందు ఏది వెనక అన్నదే కొలేషన్, దాన్ని పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన 2.28లో ఆ వరస మారింది. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 20.04లో 2.31. డిస్క్ మీద ఉన్న ఇండెక్స్ పాత వరసలో రాసి ఉంది, వెతికేవాడు కొత్త వరసలో వెతుకుతున్నాడు. యూనిక్ తనిఖీ కూడా అదే ఇండెక్స్‌లో చూస్తుంది, అందుకే డూప్లికేట్లు పడ్డాయి. నిఘంటువులో క్ష అక్షరం క కింద అచ్చయి ఉంటే, అక్షరమాల చివర ఉంటుందనుకుని చివరి పేజీలు తిప్పి లేదనేసినట్టు.

ఒక మెయిల్లో చిన్న పరీక్ష చెప్పారు, 11, 1-1 రెండూ రాసి, వరసలో పెట్టే సార్ట్ కమాండ్‌కి ఇమ్మని. నేను మా డోర్ నంబర్లే రాశాను, 2-25, 21-3. పాత 18.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో 21-3 ముందు వచ్చింది, ఎందుకంటే పాత వరస మొదటి చూపులో హైఫన్‌ని లెక్కచేయదు, 213, 225 అనే చూస్తుంది. సర్వర్ మీద 2-25 ముందు వచ్చింది. మన ఇళ్ల నంబర్లన్నీ హైఫన్లూ స్లాష్‌లే కదా, అందుకే దెబ్బ సరిగ్గా ఆ కాలమ్‌కే తగిలింది.

పరిష్కారం రీఇండెక్స్, అంటే ఇండెక్స్‌ని మళ్లీ తయారుచేయడం, అని చాలా మెయిళ్లలో ఉంది. వెంటనే కొట్టేయబోయి ఆగి ఆ చర్చ చివరిదాకా చదివాను, ఆగడం మంచిదైంది. డూప్లికేట్లు ఉండగా యూనిక్ ఇండెక్స్ మళ్లీ తయారవదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డూప్లికేట్లని లెక్కపెట్టేటప్పుడు కూడా పాడైన ఇండెక్స్‌ని వాడనివ్వకూడదు, లేకపోతే ఆ లెక్కే తప్పొస్తుంది. ఇవి మొదటి జవాబులో లేవు, ఆరో ఏడో మెయిల్లో, కోట్ చేసిన పాత లైన్ల మధ్యలో ఉన్నాయి. ఈ మెయిళ్లలో జవాబు పైన ఉండదు, అడిగిన ప్రతి వాక్యం కింద దానికి సంబంధించిన ముక్క రాస్తారు, పై నాలుగు లైన్లు చూసి వదిలేస్తే అసలుది తప్పిపోతుంది.

ముందు బ్యాకప్ తీశాను. ఇండెక్స్ ఆపి చూస్తే అక్క చెప్పిన నాలుగు కాదు, ఏడు ఇళ్లు రెండేసిసార్లు ఉన్నాయి. కొత్త ఎంట్రీల కింద కట్టిన డబ్బుల్ని పాత ఖాతాలకి మార్చి, ఒక్కో రసీదు అక్కతో ఫోన్లో సరిచూసుకుని, అప్పుడు కొత్తవి తీసేశాను. ఇదొక్కటే గంటన్నర పట్టింది. తర్వాత డేటాబేస్ మొత్తానికి రీఇండెక్స్, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సాయంత్రం అక్కకి ఫోన్ చేసి 2-25 కొట్టమన్నాను. "వచ్చింది, జూన్ బిల్లు కూడా చూపిస్తోంది" అంది. ఆ చర్చలో నాకు పనికొచ్చిన మూడు మెయిళ్ల మెసేజ్ ఐడీలని (ఒక్కో మెయిల్‌కీ ఉండే గుర్తింపు సంఖ్యల్ని) సర్వర్ నోట్స్ ఫైల్లో, అప్‌గ్రేడ్ చేసిన తేదీ పక్కనే రాసి పెట్టాను.