గాజువాక కాస్తా గాయువాకా అయింది

వైజాగ్ ద్వారకానగర్‌లో మా జర్మన్ క్లాసు మొదలై ఏడు వారాలైంది. మొదటి రోజు మేడం ఒక్కొక్కరినీ పిలిచి, ఉంటున్న చోటు పేరు బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమన్నారు. నేను గాజువాక అని రాశాను. ఒక జర్మన్ మనిషి ఎలా చదువుతారో అలాగే చదివి వినిపించారు మేడం. 'గాయువాకా'. ఐదేళ్లుగా రోజూ దిగుతున్న బస్‌స్టాపు పేరు అంత కొత్తగా వినపడటం అదే మొదటిసారి.

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పుట్టింది టెక్కలి దగ్గర పల్లెటూరు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి దాకా, అంటే ఆరు మెట్లలో నాలుగోదాని దాకా భాష రావాలి. నేనింకా ఏ1లోనే ఉన్నాను, అంటే మొదటి మెట్టు. ఈ మెట్టు మీద నేర్పేదంతా దాదాపు ఒకటే విషయం, మన గురించి మనం చెప్పుకోవడం. పేరు, వయసు, ఊరు, భాషలు, పని, ఇష్టాలు. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. ఏడు వారాల తర్వాత కూడా అందులో కొత్త విషయాలు కనపడుతూనే ఉన్నాయి. నాలాగే ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అక్షరాల సంగతి. జర్మన్‌లో A అక్షరాన్ని 'ఆ' అంటారు, E అక్షరాన్ని 'ఏ' అంటారు, I అక్షరాన్ని 'ఈ' అంటారు. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ అక్షరాలు పలికిన నోటికి ఇది పెద్ద చిక్కు. ఎదుటివాళ్ళు 'ఏ' అంటే చెయ్యి అలవాటుగా A రాసేస్తుంది, అక్కడ రాయాల్సింది E. జె పేరు 'యోట్', పలుకు 'య'. వీ పేరు 'ఫౌ', డబుల్యూ పేరు 'వే'. గాజువాకను అక్షరం అక్షరం చెప్పాలంటే గే, ఆ, యోట్, ఊ, వే, ఆ, కా, ఆ. విశాఖపట్నానికి పదమూడు అక్షరాలు. ఫౌ, ఈ, ఎస్, ఆ, కా, హా, ఆ, పే, ఆ, టే, ఎన్, ఆ, ఎమ్. బస్సులో ఎన్‌ఏడీ జంక్షన్ దాటే లోపు షాపుల బోర్డులన్నీ ఇలా చదువుకుంటూ వెళ్తాను. ఇంతకు మించిన ప్రాక్టీసు నాకు దొరకలేదు.

'నేను' అనే మాట 'ఇహ్'. కొందరు 'ఇష్' అంటారు, కొందరు 'ఇక్' అంటారు, రెండూ సరికాదు. మాకు కుదిరిన చిట్కా ఒకటుంది. 'యి' అనబోతూ నాలుకను అక్కడే ఉంచి, గొంతు కలపకుండా గాలి మాత్రం వదలాలి. ఇంట్లో ఇది సాధన చేస్తుంటే మా అమ్మ ఫోన్‌లో విని, "ఏటమ్మా, జలుబు చేసిందా?" అని కంగారుపడింది.

మొదట వచ్చే వాక్యం 'ఇహ్ హైసె' అని, తర్వాత మన పేరు. 'మైన్ నామె ఇస్ట్' అని కూడా చెప్పొచ్చు. తెలుగులో 'నా పేరు ఫలానా' అంటే చాలు, క్రియ అక్కర్లేదు. 'నేను నర్సుని' అన్నా అంతే. జర్మన్‌లో 'ఇస్ట్', 'బిన్' (ఇంగ్లిష్ ఈజ్, యామ్) లాంటివి మింగేస్తే వాక్యమే నిలబడదు. మా క్లాసులో అందరం మొదటి వారం మింగేశాం. వయసు దగ్గర ఇంకో తిరకాసు. మనం 'నాకు 27 ఏళ్ళు' అంటాం, 'నాకు ఒక తమ్ముడు ఉన్నాడు' అనీ అంటాం. రెండు చోట్లా అదే 'నాకు'. జర్మన్‌లో వయసుకు 'ఇహ్ బిన్', తమ్ముడికి 'ఇహ్ హాబె', ఇంగ్లిష్‌లో ఐ యామ్, ఐ హ్యావ్ అన్నట్టు. ఈ తేడా పట్టుబడేదాకా నేను వయసుకు కూడా హాబె వాడాను.

ఇక 'మా'. తెలుగులో మా అమ్మ, మా ఇల్లు, మా ఊరు అంటాం. ఇంట్లో ఒక్కరే సంతానమైనా మా అమ్మే. ఆ లెక్కన నేను 'ఉన్‌జెరె ముట్టర్', అంటే మా అమ్మ అన్నాను. "మీ తమ్ముడు కూడా క్లాసులో ఉన్నాడా?" అని అడిగారు మేడం. అక్కడ 'మైనె ముట్టర్', నా అమ్మ. అర్థమైంది, వ్యాకరణం కూడా సులువే. కానీ 'నా అమ్మ' అనే మాట నోట్లోంచి రావడానికి చాలా రోజులు పట్టింది. తమ్ముణ్ణి వదిలేసి చెప్తున్నట్టు ఉండేది.

ఊరి గురించి కూడా ఇలాగే ఆలోచనలో పడ్డాను. వైజాగ్‌లో ఎవరైనా "మీదేవూరు?" అంటే టెక్కలి దగ్గర అని చెప్తాను. జర్మన్ ఫారంలో పుట్టిన చోటు 'గెబుర్ట్స్ఓర్ట్' ఒక గడి, ఇప్పుడు ఉంటున్న చోటు 'వోన్ఓర్ట్' మరో గడి. 'ఇహ్ కొమె ఆవుస్ ఇండియెన్' అంటే మాది ఇండియా, 'ఇహ్ వోనె ఇన్ విశాఖపట్నం' అంటే ఉంటున్నది విశాఖపట్నంలో. ఒక్క 'మాది'తో చెప్పేదాన్ని ఇలా ముక్కలు చేసి చెప్పాలి.

ఫారం నింపేటప్పుడు నేను చేసిన అసలు పొరపాటు పేరు దగ్గర. 'ఫోర్‌నామె', 'నాహ్‌నామె' అని రెండు గడులుంటాయి. ఫోర్ అంటే ముందు, నాహ్ అంటే తర్వాత. మనకు ముందొచ్చేది ఇంటిపేరు కదా, అందుకని ఫోర్‌నామెలో ఇంటిపేరు రాసేశాను. అక్కడ ముందొచ్చేది మన సొంత పేరు, ఇంటిపేరు వెనక వస్తుంది. తెలుగువాళ్ళు ఎవరైనా సరే ఈ గడుల దగ్గర ఒక్క క్షణం ఆగండి. పాస్‌పోర్ట్‌లో ఏది ఇంటిపేరుగా ఉందో చూసుకుని అదే నాహ్‌నామెలో రాయండి. పెళ్ళయి ఇంటిపేరు మారినవాళ్ళను 'గెబుర్ట్స్‌నామె' అని పుట్టింటి పేరు కూడా అడుగుతారు. అడ్రసులో వీధి పేరు ముందు, డోర్ నంబరు తర్వాత. పిన్‌కోడ్ లాంటిది ఊరి పేరుకు ముందు వస్తుంది, వాళ్ళకు ఐదంకెలే.

పని గురించి చెప్పే వాక్యం నాకు బాగా నచ్చింది. 'ఇహ్ బిన్ క్రాంకెన్‌ష్వెస్టర్'. క్రాంక్ అంటే జబ్బుపడిన, ష్వెస్టర్ అంటే అక్కో చెల్లో. ఇక్కడ పేషెంట్లు మమ్మల్ని "సిస్టర్" అని పిలుస్తారు, అక్కడ ఆ మాట వృత్తి పేరులోనే ఉంది. 2020 నుంచి అధికారికంగా 'ఫ్లేగెఫాహ్‌ఫ్రావ్' అనే పేరు వచ్చింది. ఫారంలో కొత్తది రాస్తాను, నోటికి మాత్రం ఇంకా పాతదే వస్తోంది.

మీరు, నువ్వు తేడా మనకు పుట్టుకతో తెలిసినదే కాబట్టి అది కష్టపెట్టలేదు. మీరుకు 'జీ', నువ్వుకు 'డూ'. పేషెంటును పేరు అడిగేటప్పుడు 'వీ హైసెన్ జీ?'

నన్ను నిజంగా భయపెట్టింది అంకెలు. 27ను వాళ్ళు 'సీబెన్ ఉంట్ త్స్వాన్‌త్సిహ్' అంటారు, ఏడూ ఇరవై అన్నట్టు. 25 'ఫ్యున్ఫ్ ఉంట్ త్స్వాన్‌త్సిహ్', 52 'త్స్వై ఉంట్ ఫ్యున్ఫ్‌త్సిహ్'. విన్న వరసలో రాసుకుంటూ పోతే 25 కాస్తా 52 అవుతుంది. క్లాసులో ఇది ఒక మార్కు పోయే తప్పు. ఐసీయూలో మందు డోసు అలా తారుమారైతే? ఆ ఆలోచన వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నైట్ డ్యూటీలో మానిటర్ మీద పల్స్ చూసిన ప్రతిసారీ మనసులో జర్మన్‌లో చదువుకుంటున్నాను. టెంపరేచర్ మాకు ఫారెన్‌హీట్‌లో అలవాటు. వాళ్ళది సెల్సియస్, పైగా చుక్కకు బదులు కామా. 37,5ను 'సీబెన్ ఉంట్ డ్రైసిహ్ కోమా ఫ్యున్ఫ్' అనాలి.

జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ వారి ఏ1 పరీక్షలో 100కి 60 రావాలి. మాట్లాడే భాగంలో మొదట ఒక కార్డు చూపిస్తారు. దాని మీద పేరు, వయసు, దేశం, ఉంటున్న చోటు, భాషలు, పని, హాబీ అని మాటలు మాత్రమే ఉంటాయి. వాటిని పట్టుకుని మన గురించి చెప్పాలి. తర్వాత ఏదో ఒక మాట అక్షరాలుగా చెప్పమంటారు, ఫోన్ నంబరు లాంటి అంకెలూ అడుగుతారు.

హాబీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డ్యూటీ, బస్సు, క్లాసు, నిద్ర. ఇంకేముంది చెప్పడానికి? అందరూ పుస్తకాలు చదవడం అని రాసుకుంటున్నారు, నేను చదవను. ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాకా ఒక్కదాన్నే నడుస్తుంటే, ఇదే కదా అనిపించింది. 'ఇహ్ గేయె గెర్న్ ఆమ్ ష్ట్రాంట్ ష్పత్సీరెన్'. గెర్న్ అంటే ఇష్టంగా. క్రియ రెండోచోట వచ్చినా, షికారు అనే మాట చివరికి వెళ్ళిపోయింది, మన తెలుగులో క్రియ వాక్యం చివరికి వెళ్ళినట్టు.

వచ్చే నెల పరీక్ష. అంకెల్లో 60 నుంచి 79 దాకా ఇంకా తడబడుతున్నాను. ఈ రాత్రి డ్యూటీకి చిన్న నోటుబుక్కు పట్టుకెళ్తున్నాను.