భోగి ముందు రాత్రి

ఇది రాయాలని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా, చెయ్యి ముందుకు రాలేదు. మొన్న డాక్టర్ గారు నా డిప్రెషన్ టాబ్లెట్ డోస్ సగానికి తగ్గించారు, నిద్ర బానే పడుతోంది, ఇక రాయొచ్చనిపించింది.

మాది ఖమ్మం దగ్గర ఊరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. 2023లో హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాను, యూనివర్సిటీ పేరు రాయను. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోయాయి, అందుకే ఇదంతా అని చుట్టాలందరూ తేల్చేశారు కానీ అది కాదు. అంతకుముందు నుంచే తెల్లారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, మెస్‌లో నలుగురి మధ్య కూర్చోవాలంటే గుండె దడ, జడ వేసుకోవాలన్నా చేతులు లేచేవి కాదు. బద్ధకం అనుకుని నన్ను నేనే తిట్టుకుంటూ ఏడాది గడిపేశా.

మూడో సెమిస్టర్‌లో మా రూమ్మేట్ బలవంతం మీద కౌన్సెలింగ్ గదికి వెళ్ళాను. బయట పెద్ద బోర్డు, తలుపుకి తాళం. కౌన్సెలర్ వారానికి రెండు రోజులే వస్తారని మూడోసారి వెళ్ళినప్పుడు తెలిసింది. ఆవిడ మంచిగానే మాట్లాడారు, ఇరవై నిమిషాలు విన్నారు, నేను మొదటిసారి ఒకరి ముందు ఏడ్చాను. సరిగ్గా రెండు రోజులకి మెస్‌లో ప్లేట్ పట్టుకుని లైన్లో ఉంటే వార్డెన్ మేడం అందరి ముందు, "నీకేదో డిప్రెషన్ అంటగా, ఇంట్లో చెప్పి పెళ్ళి చేసెయ్యమనమ్మా, అన్నీ అవే పోతాయి, లేకపోతే ఎర్రగడ్డ మెంటల్ ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొస్తది" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. నేను చెప్పింది ఆ ఒక్క గదిలో, ఆ ఒక్క మనిషికి. అది మెస్ దాకా ఎట్లా వచ్చింది? ఈ రోజుకీ నాకెవరూ జవాబు చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఎవరితోనూ నోరు విప్పలేదు, ఆ రెండు నెలల్లోనే నా పరిస్థితి బాగా దిగజారింది.

2025 సంక్రాంతి సెలవులకి హాస్టల్ ఖాళీ అయిపోయింది. ప్రాజెక్ట్ పని ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి ఉండిపోయా. భోగి ముందు రాత్రి, ఒంటిగంటన్నర అవుతోంది. చచ్చిపోతే బావుండు అన్న ఆలోచన అంతకుముందు వచ్చి పోతుండేది, ఆ రాత్రి వచ్చి కూర్చుంది, పోలేదు. నాకు నా మీదే భయం వేసింది, రూంలో ఒంటరిగా ఉంటే ఏం చేసుకుంటానో అని కారిడార్‌లోకి వచ్చి ట్యూబ్‌లైట్ కింద నేల మీద కూర్చున్నా. ఎదురుగా గ్రిల్‌కి ఒక గాలిపటం చిక్కుకుని టపటపా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అమ్మతో ఒకసారి మా ఊరి గవర్నమెంట్ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు గోడ మీద చూసిన టెలిమానస్ (మనసు బాగోలేనప్పుడు చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబర్ ఎందుకో గుర్తొచ్చింది, 14416. చేశాను. తెలుగు ఎంచుకున్నా. ఒకావిడ కాసేపు విని, సూటిగా "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని అడిగారు. అంత సూటిగా అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అవును అన్నాను. ఆవిడ కంగారు పడలేదు, నీతులు చెప్పలేదు. దగ్గర్లో ఎవరున్నారు, ఫోన్ పెట్టెయ్యకుండా వాళ్ళ దగ్గరికి నడువు అన్నారు. కింద మెస్ ఆంటీ ఉంటుంది, వెళ్ళి తలుపు కొట్టా. ఆంటీ ఏమైంది ఎందుకు అని ఒక్క మాట అడగలేదు, వేడి నీళ్ళిచ్చి, తన పక్కన పడుకోబెట్టుకుని, నా మణికట్టు పట్టుకుని తెల్లారేదాకా అట్లాగే ఉంది.

నాన్న మొదటి బస్సుకి వచ్చేశాడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని. ఇంటికెళ్ళేటప్పుడు సూర్యాపేట దాకా నా చెయ్యి వదల్లేదు.

తర్వాత సైకియాట్రిస్ట్, థైరాయిడ్, బి12 రక్త పరీక్షలు, డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం, సివియర్ డిప్రెషన్ అన్నారు, ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాశారు. మొదటి పది రోజులు వాంతికొచ్చేది, ఇంకా కుంగిపోయాను. ఈ మందులు అలవాటైపోతాయంట అని మా పెద్దమ్మ చెబితే అమ్మ ఆపేద్దామంది. డాక్టర్ గారు ఓపిగ్గా కూర్చోబెట్టి, ఇది మత్తుమందులా అలవాటయ్యేది కాదమ్మా, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, కానీ మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపొద్దు అని చెప్పారు. ఆయనకి చేతులెత్తి దండం. నాలుగో వారంలో ఒక రోజు అమ్మ పప్పులో తాలింపు పెడుతుంటే ఆకలేసింది. ఆకలి! అమ్మ స్టవ్ దగ్గరే ఏడ్చేసింది. భద్రాచలం రామయ్యకి ముడుపు కట్టిందట, మందు పనిచేసిందో మొక్కు పనిచేసిందో అంటే నేను రెండూ అంటాను.

చదువుకునే పిల్లలకి ఒక మాట. కౌన్సెలర్ దగ్గర కూర్చోగానే ముందు "నేను చెప్పేది ఎవరెవరికి తెలుస్తుంది మేడం?" అని అడగండి. ప్రాణం మీదకొస్తే వాళ్ళు ఒకరికి చెప్పాల్సిందే, అది సరే, కానీ వార్డెన్‌కి కబురుగా చెప్పడానికి వీల్లేదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యత మన హక్కు అని రాసుంది, నాకది ఆలస్యంగా తెలిసింది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో కనిపించేలా పెట్టాలని చెప్పింది. ఆ వార్త చదివి ఆ అమ్మాయి గురించి చాలాసేపు ఏడ్చాను. మీ కాలేజీలో లేకపోతే నలుగురూ కలిసి అడగండి.

ఆలస్యంగానైనా ఎమ్మెస్సీ పూర్తయింది. సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు వార్డెన్ మేడం ఎదురొచ్చారు. నేను నమస్తే పెట్టలేదు, ఆ మాట నేను క్షమించలేదు. మెస్ ఆంటీకి చీర, అమ్మ చేసిన అరిసెలు ఇచ్చాను. డబ్బా మూత తీసి వాసన చూసి, "నిద్ర పడుతుందా బిడ్డా ఇప్పుడు?" అంది.